మంచినీళ్లు ముట్టని సిరిసిల్ల మామ

మా దిక్కు మనిషి దివాళా తీశాడని ఎవరూ అనరు, ఐపీ పెట్టాడంటారు. అప్పులు తీర్చడం నావల్ల కాదు, నా దగ్గరున్నదేదో కోర్టే అమ్మి పంచాలని పిటిషన్ వేసుకోవడాన్ని ఆ రెండక్షరాలకు కుదించి, ఫలానావాడు స్కూటర్ కొన్నాడన్నంత సులువుగా చెప్పుకుంటారు. మా బాపు ఐపీ పెట్టిన సంగతి జగిత్యాల బజారుకు తెలిసిన తెల్లారి, పాలు పోసే ఆమె గిన్నె అందుకోకుండా ముందు చేయి చాపింది. అంతకుముందు నెలకోసారి లెక్క చూసుకునే మనిషి. అమ్మ లోపలికి పోయి పైసలు తెచ్చి ఇచ్చింది. ఆ పాలామె మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

బాపుది బట్టల వ్యాపారం. సిరిసిల్లలో మరమగ్గాల మీద నేసిన లంగాల బట్ట, లైనింగు బట్ట అరువు మీద తెచ్చేవాడు. కొంత మా ఇంటి ముందుగదిలోని దుకాణంలో అమ్మి, మిగతాది కోరుట్ల, మెట్‌పల్లి దుకాణాలకు వేసేవాడు. అవీ అరువులే. అప్పుడు తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉంది. ఒక రోజు బంద్, ఒక రోజు రాస్తారోకో, పండుగ ముందర ఇంకో బంద్. కోరుట్ల దుకాణాలు పైసలు ఆపాయి. సిరిసిల్లలో మాట పోకూడదని బాపు కోరుట్లలో ఒక ఫైనాన్సు ఆయన దగ్గర తెచ్చి కట్టాడు. ఆ వడ్డీ కట్టడానికి సిరిసిల్ల సరుకు నష్టానికి అమ్మాడు. ఇదంతా గిర్రున తిరిగి తిరిగి ఒకరోజు ఆగిపోయింది. ఉద్యమం వల్ల మునిగావని ఎవరైనా అంటే మాత్రం బాపు ఊరుకునేవాడు కాదు. దుకాణం మూసి దీక్షా శిబిరంలో కూర్చున్న మనిషి ఆయన. రాష్ట్రం వస్తే అన్నీ సర్దుకుంటాయని అప్పులవాళ్లకు కూడా చెప్పేవాడు. వాళ్లలో కొందరు నమ్మేవాళ్లు కూడా.

పిటిషనైతే వేశాం గానీ కోర్టు నడిస్తే కదా. సకల జనుల సమ్మె మొదలై వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. మా వకీలును కలవాలంటే చౌరస్తాలో టెంటు కిందికి పోవాలి. నల్లకోటు వేసుకుని జంపఖానా మీద కూర్చుని ఉండేవాడు. అక్కడే, డప్పుల మోత మధ్య, బాపు చెవిలో చెప్పాడు. కోర్టు తెరిచేలోపు అప్పులవాళ్లందరినీ ఇంటికి పిలిచి మాట్లాడుకోవాలి. దుకాణమున్న ముందు భాగం అమ్మి వచ్చింది తలా ఇంత పంచుకోవడానికి వాళ్లు ఒప్పుకుంటే, వెనక రెండు గదులు మాకు మిగులుతాయి. ఒప్పుకోకపోతే ఇల్లు మొత్తం వేలానికి పోతుంది.

ఆ రెండు గదుల్లో ఒకటి వంటిల్లు, ఇంకోటి నేను పుట్టిన గది. గొప్పవేమీ కావు. వానొస్తే ఒక మూల కారేది. అయినా వాటి పేరు వకీలు నోట విన్నప్పటినుంచీ అమ్మ వాటిని రోజూ కడగడం మొదలుపెట్టింది.

వకీలు ఇంకొన్ని జాగ్రత్తలు చెప్పాడు. ఒంటి మీద బంగారం ఉండకూడదు, పుస్తెలు మాత్రం ఉండొచ్చు, వాటి జోలికి చట్టం కూడా రాదు. కొత్త బట్టలు కట్టుకోకూడదు. బాపు గడ్డం గీసుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వచ్చినవాళ్లకు మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టకూడదు. పెడితే ఇంకా ఎక్కడో దాచుకున్నారనుకుంటారట. బాపు అన్నిటికీ తలూపి ఇంటికి వచ్చి, ఆ మర్నాడే గడ్డం గీసుకున్నాడు. గడ్డంతో బజారులోకి పోతే జనం ఏమనుకుంటారంటాడు. జనం అనుకోవడానికి ఇంకేం మిగిలిందో నాకర్థం కాలేదు. ఆ మాటే అన్నాను. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను, నోరు కాస్త ఎక్కువే.

మొదట కుర్చీల సమస్య వచ్చింది. మా ఇంట్లో ఉన్నవి చాలవు. అప్పులవాళ్లను కింద కూర్చోబెట్టి బాకీ ఉన్నవాడు కుర్చీలో కూర్చుంటే బాగుండదు, అందరూ కిందే కూర్చుంటే వాళ్ల మర్యాద తగ్గుతుంది. టెంట్‌హౌస్ అతను కిరాయి ముందే ఇస్తే పంపుతానన్నాడు. పెళ్లికైతే అరువిస్తాడు, ఇలాంటి దానికి ఇవ్వడట. ఆ మాట మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దామె చెవిన పడింది. ఖాలా వాళ్లది టైలర్ల ఇల్లు, మా దుకాణం లైనింగు బట్టే వాళ్ల మిషన్లకు పోయేది. ఆమె తమ ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ పిల్లలతో పంపించింది. మిషను ముందు వేసుకునే స్టూళ్లు కూడా వచ్చాయి. ఏమీ అడగలేదు, ఓదార్చలేదు. ఆ రోజుల్లో ఓదార్చనివాళ్లే మాకు దేవుళ్లు.

తర్వాత బాపు మాట్లాడటం నేర్చుకున్నాడు. నవ్వకండి, నిజమే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను ఎదురుగా నిలబడేవాడు. కాసేపు నేను కోరుట్ల ఫైనాన్సు ఆయనను, కాసేపు ఇబ్రహీంపట్నం నుంచి గల్ఫ్‌కు పోయి, తెచ్చిన సొమ్ము బాపు దగ్గర దాచుకున్న మనిషిని, కాసేపు బాపుకు అప్పిచ్చిన మా చిన్నాయనను. నేను గొంతు మార్చి గట్టిగా అడిగేదాన్ని. బాపు చేతులు కట్టుకుని జవాబు చెప్పేవాడు. మొదట్లో ఆట లాగే ఉండేది. చేతులు కట్టుకుని నా ముందు నిలబడిన బాపును చూడలేక మూడోసారికి నేను లేచిపోయాను. ఆయనే మళ్లీ పిలిచి కూర్చోబెట్టాడు.

"సిరిసిల్ల మామ ఏమడుగుతడో అది చెప్పలేదు నువ్వు" అన్నాను.

"బావ ఏమడుగుతడు బిడ్డా. ఇంత అన్నం తిని పోతడు" అన్నాడు బాపు.

అసలు సంగతంతా సిరిసిల్ల మామ దగ్గరే ఉంది. ఆయన మాకు చుట్టం కాదు, కులం కూడా వేరు. సిరిసిల్లలో ఆయనకు కొన్ని మరమగ్గాలుండేవి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయనా బాపూ బావా అంటే బావా అనుకునేవాళ్లు. ఆ లెక్కన మా అమ్మ ఆయనకు చెల్లెలు, ఆయన నాకు మామ. అందరికంటే పెద్ద బాకీ ఆయనదే, ఆయన ఎటంటే మిగతావాళ్లు అటే. జగిత్యాలకు ఎప్పుడొచ్చినా మా ఇంట్లో భోజనం చేయకుండా పోయేవాడు కాదు. అమ్మ పచ్చిపులుసు చేస్తే గిన్నె దగ్గర పెట్టుకునేవాడు. బాపు నమ్మకమంతా దాని మీదే. మా ఇంట్లో నాలుగు మెతుకులు తింటే బావ ఇక మా మీద మాట ఎత్తడు. వకీలు చెప్పిన ఏ సెక్షన్ కంటే బాపుకు ఇదే గట్టి ఆధారం. నేను ఎగతాళి చేయబోయాను గానీ, లోపల నేనూ అదే నమ్మాను. మా దిక్కు అందరం అదే నమ్ముతాం. పగ ఉన్నవాడి ఇంట్లో నీళ్లు తాగం, నీళ్లు తాగిన ఇంటి మీద పగ పెట్టుకోం.

అందుకే, వకీలు వద్దన్నా, అప్పులవాళ్లు రావాల్సిన రోజుకు ముందురాత్రే అమ్మ గారెల కోసం మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, నానబోసింది. పచ్చి మక్కల కాలం దాటిపోలేదు గానీ కొనాలంటే ఖర్చు, ఇంట్లో ఉన్న ఎండు మక్కలే నానబెట్టి రుబ్బింది. బస్సులు బంద్, సిరిసిల్ల నుంచి అన్న ఎట్ల వస్తడో ఏమో, ఆకలితో వస్తడు అన్నది. నేను వకీలు మాట గుర్తుచేశాను.

"ఇంటికచ్చినోళ్లకు ఉత్త నీళ్లిచ్చి పంపుతమా? అప్పుంటే ఉండనీ" అన్నది అమ్మ.

వాళ్లు రావాల్సిన రోజే చౌరస్తాలో రాస్తారోకో, వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, రోడ్డు మీదే అందరూ కూర్చుని తినడం. ఆ సమ్మె రోజుల్లో ఊరూరా అదే నిరసన. రోడ్లన్నీ మూసుకుంటాయని తెలిసి బాపు ఒకసారి ఎవరూ రారేమో అని దిగులుపడేవాడు, ఇంకోసారి ఎవరూ రాకపోతే బాగుండునని ఆశపడేవాడు. రెండూ ఆయన మొహంలో కనిపించేవి.

అందరూ వచ్చారు. కోరుట్ల ఆయన బండి మీద వచ్చాడు. ఇబ్రహీంపట్నం ఆయన తెల్లబట్టలతో, సెంటు వాసనతో వచ్చి, చివరి స్టూలు మీద ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నాడు. చిన్నాయన వచ్చి, చుట్టంలా లోపలికి రావాలో అప్పులవాడిలా ముందుగదిలో ఉండాలో తేలక గడపలోనే నిలబడ్డాడు. అందరికంటే ఆఖరున సిరిసిల్ల మామ వచ్చాడు. జీపును ఊరి బయటే ఆపేశారట, అక్కణ్నుంచి నడిచి వచ్చాడు. చెప్పుల నిండా దుమ్ము. మనిషి సగమయ్యాడు. కాళ్లు కడుక్కోవడానికి చెంబు అందిస్తే, వద్దు బిడ్డా అని నేరుగా వచ్చి కూర్చున్నాడు.

గ్లాసుల్లో నీళ్లు పట్టుకుని నేను వరసగా ఇచ్చాను. మామ గ్లాసు తీసుకోలేదు. నేను ఆయన కుర్చీ పక్కన కింద పెట్టాను. బాపు అది చూశాడు. చూసి, నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాడు.

ఎలాగో మొదలుపెట్టి, దుకాణం సంగతి, వెనక గదుల సంగతి చెబుతూ ఉండగా అమ్మ గారెల పళ్లెంతో వచ్చింది. ఇంట్లో చుట్టాలకు ఎలా పెడుతుందో అలాగే, కొంగు సర్దుకుని, ముందు సిరిసిల్ల మామ దగ్గరికే పోయింది. గది అంతా నూనె వాసన. చిన్నాయన అలవాటు కొద్దీ ఒక గారె తీసుకుని కొరికాడు.

"ఇంట్ల నూనె మంచిగనే కాగుతున్నదే" అన్నాడు కోరుట్ల ఆయన.

అంతే. చిన్నాయన కొరికిన గారెను మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. ఇబ్రహీంపట్నం ఆయన అప్పటిదాకా నోరు విప్పని మనిషి, ఎడారిలో తను తిన్న తిండి గురించి మొదలుపెట్టాడు. అమ్మ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. ఎవరి అప్పుల సంగతీ రాలేదు, అందరూ గారెల సంగతే మాట్లాడారు. గారెలు చేసుకునేవాళ్లకు పంచడానికి డబ్బుండదా అన్నారు. లోపల ఇంకేం వండారో చూస్తామన్నారు. నాకు ఏడుపు రాలేదు, ఆ పళ్లెం వాళ్ల నెత్తిన బోర్లించాలనిపించింది. అమ్మ చేతిలోంచి పళ్లెం తీసుకుని లోపల పెట్టి వచ్చాను.

మామ లేచి నిలబడ్డాడు. బాపు ఆయన చేయి పట్టుకుని, "బావా, మంచినీళ్లన్న తాగు" అన్నాడు.

"నువ్వు నాకు కోర్టుతోని చెప్పిచ్చినవు గద బావా. అక్కడనే మాట్లాడుకుందం" అన్నాడు మామ. చేయి విదిలించుకోలేదు, మెల్లగా తీసుకున్నాడు. ఆయనకు కోర్టు నోటీసు మగ్గాల దగ్గర, పనివాళ్లందరూ చూస్తుండగా అందిందని తర్వాత తెలిసింది.

ఆయన వెనకే అందరూ వెళ్లిపోయారు. ఖాలా వాళ్ల కుర్చీలు మాత్రం గుండ్రంగా మిగిలాయి. బాపు కాసేపు వాటి మధ్య కూర్చుని, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. అప్పులపాలై ఉరేసుకున్న మగవాళ్ల కబుర్లు ఆ దినాల్లో ఎక్కడ చూసినా వినబడేవి. అమ్మ నా భుజం పట్టుకుని, "బాపు ఎనుక పో. కనవడకుంట కాదు, కనవడుకుంటనే పో" అన్నది.

బాపు ఇంకెక్కడికీ పోలేదు, చౌరస్తాకే పోయాడు. దారులన్నీ అక్కడికే పోయి ఆగిపోయాయి. రోడ్డు నిండా జనం. రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పుచారు. టీచర్లు, వకీళ్లు, ఆటోవాళ్లు, దుకాణాలవాళ్లు అందరూ తారు రోడ్డు మీద బారులు తీరి మోదుగాకుల ఇస్తార్లు పరుచుకుని కూర్చున్నారు. వాళ్లలో మా ఇంట్లోనుంచి లేచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. భోజనాలయ్యేదాకా ఏ బండీ కదలనివ్వరు, ఏం చేస్తారు. సిరిసిల్ల మామ ఒక బంతి చివర్లో తల వంచుకుని కూర్చున్నాడు.

మా సందులో పెళ్లయినా పేరంటమయినా అన్నం వడ్డించేది బాపే. ఎవరో కుర్రవాళ్లు ఆయనను చూసి, ఖాళీగున్నవు గద సేటూ, పట్టు అని అన్నం గంప చేతిలో పెట్టారు. వాళ్లకు ఏమీ తెలియదు. బాపు గంప పట్టుకుని బంతి మొదటినుంచి వడ్డించుకుంటూ వచ్చాడు. కోరుట్ల ఆయన ఇస్తార్లో వేశాడు. ఆయన చూడనట్టే తినేశాడు. నేను మామ చేతుల వైపే చూస్తున్నాను. ఇస్తారి మీద చేయి అడ్డం పెడితే బాపు అక్కడే కూలబడతాడని నాకు తెలుసు. నేను ఎప్పుడూ దేవుణ్ని అడిగే మనిషిని కాదు, అప్పుడు అడిగాను.

బాపు వంగి అన్నం పెట్టాడు. మామ చేయి అడ్డం పెట్టలేదు. అన్నం మధ్యలో గుంత చేసుకుని చారు కోసం ఆగాడు. చారు వచ్చాక కలుపుకుని, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు.

బాపు ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "తిన్నడే. నా చేతితోటి పెట్టిన, తిన్నడు" అని గడపలోనుంచే చెప్పాడు. అమ్మ నా మొహం చూసింది, అవునని తలూపాను. ఎన్నో నెలల తర్వాత అమ్మ నవ్వింది. ఆకలి గుర్తొచ్చి ముగ్గురం చల్లారిన గారెలు తిన్నాం. బస్సులు లేక తిన్నాడేమో అని నేనంటే, అమ్మ నా నోరు మూయించింది. ఆ వారమంతా వాళ్లిద్దరూ వెనక గదుల్లో ఎక్కడ గోడ లేపాలో, వాకిలి ఎటు పెట్టుకోవాలో మాట్లాడుకున్నారు. కారే మూలను బాపు తనే సిమెంటు పూసి బాగుచేశాడు.

సమ్మె ముగిసింది, రాష్ట్రం రాలేదు, కోర్టులు తెరిచారు. మా వాయిదా నాడు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను వెంట తీసుకుపోయాడు. సిరిసిల్ల మామ తన వకీలుతో నిలబడి ఉన్నాడు. పని ఎక్కువసేపు పట్టలేదు. మా ప్రతిపాదనకు మామ ఒప్పుకోడని ఆయన వకీలు చెప్పాడు. మిగతావాళ్లందరూ మామ వెనకే నిలబడ్డారు. వెనక గదులతో సహా ఇల్లంతా వేలం వేయాలని తేలింది.

బయట వరండాలో బాపు మామ దగ్గరికి పోయాడు. గొడవ పెట్టుకుంటాడేమో అని నేను భయపడ్డాను, పెట్టుకోవాలని కూడా కోరుకున్నాను. బాపు చాలా మెల్లగా అడిగాడు.

"నా చేతి అన్నం తిన్నవు గద బావా."

"తిన్న. అది అందరి అన్నం బావా, నీ ఇంటిది కాదు" అన్నాడు మామ. "నీ మీద కోపముండి కాదు. నూలు ఇచ్చిన సేటు బాకీ కట్టుమని నా మగ్గాల మీద కూసున్నడు. నీ మీద కోర్టుకు రాక తప్పదని నాకు అప్పుడే ఎరుక. అందుకే మీ ఇంట్ల నీళ్లు ముట్టలె. ముట్టుకుంటె ఇయ్యాల్ల నాకు నోరు రాకపోవు."

బాపు తలూపాడు. ఆయనకు ఆ మాట పూర్తిగా అర్థమైంది. ఆయన నమ్మిందే మామ కూడా నమ్మాడు. నేను మామను తిట్టడానికి మనసులో ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను, ఒక్కటీ పనికిరాలేదు. ద్వేషించడానికి కూడా ఎవరూ మిగలకపోవడం ఎంత కష్టమో నాకు ఆ వరండాలో తెలిసింది.

మామ మెట్లు దిగబోతుంటే బాపు మళ్లీ పిలిచాడు. ఇల్లు అక్కడికి నడిచే దూరమే.

"ఇగ అయిపోయింది గద బావా. ఇప్పుడన్న ఇంటికచ్చి ఇన్ని నీళ్లు తాగి పో. చెల్లె చూస్తుంటది."

మామ ఆగాడు. పైకండువాతో మొహం తుడుచుకున్నాడు.

"వద్దు బావా. ఇంకా వేలం ఉన్నది" అన్నాడు.

మేమిద్దరమే ఇంటికి వచ్చాం. అమ్మ వాకిట్లో నిలబడి, మా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమో అని సందు చివరిదాకా చూసింది.